మూడు ఏనుగులు, నలభై పూసలు

శంఖదీవి రేవులో పడవ దిగింది మొదలు మారనకు ఊపిరి పీల్చుకునే తీరిక చిక్కలేదు. రేవు మెట్ల మీది రాతి కుక్కలు రెండు ప్రాణం పోసుకుని మీదపడ్డాయి. తెడ్డుతో ఒకదాని దవడ పగలగొట్టి, రెండోదాని నోట్లో ఆ తెడ్డునే నిలువుగా ఇరికించి, గోడెక్కి అవతలికి దూకాడు. దూకిన చోట ఉద్యానవనం. అక్కడి పూలతీగలు మహా మర్యాదగా కాళ్ళను చుట్టుకుని, నడుందాకా పాకి, బిగించడం మొదలుపెట్టాయి. మొలలోని చేపల కత్తితో వాటిని పరపరా కోసి బయటపడ్డాడు. తలపాగా సర్దుకుని, ఊడబోతున్న పెట్టుడు మీసాన్ని అదిమి అంటించుకుని పగడాల మండపం గుమ్మంలో నిలబడేసరికి బారెడు పొద్దెక్కింది. నీలవంక రాజ్యంలో పడవ నడుపుకునే మారన ఆ వేషంలో ముత్యాల వర్తకుడు రత్నశేఖరుడు.

ఇక ఆ మండపం సంగతి ఏం చెప్పమంటారు! ఎర్రెర్రని పగడపు స్తంభాలు నూటఎనిమిది. పైకప్పు నిండా ముత్యపు చిప్పలు పొదిగారు. దిగువన సముద్రం కదిలినప్పుడల్లా ఆ వెలుగు కప్పు మీద పాకుతుంది. స్తంభానికొక పూసల దండ వేలాడుతోంది. ప్రతి దండ కిందా ఒక పండు ముసలి మనిషి. ఒకరి చేతిలో విసనకర్ర, ఒకరి చేతిలో కూజా, ఒకరి చేతిలో తాంబూలపు పళ్ళెం. ఒక్కరి నోటా మాట లేదు. ఆ సొగసుకు తెరిచిన నోరు, ఈ మనుషులను చూడగానే మారన మూసేశాడు.

నడిమధ్యన పులితోలు మీద కూర్చుని అద్దంలో మీసం దువ్వుకుంటున్నాడు జరాసిద్ధుడు. వయసు మూడు వందల పైమాటే. చూడబోతే పాతికేళ్ళ పెళ్ళికొడుకు! ఎలాగంటారా? వచ్చినవాళ్ళ ఏళ్ళను జూదంలో గెలుచుకుని తాను వాడుకునే మాయావి వాడు. ఓడినవాడి ఏడాది ఒక పూసగా మారుతుంది. ఆ పూస మండపంలో ఉన్నన్నాళ్ళూ ఆ యవ్వనం వాడిది, ముసలితనం ఓడినవాడిది.

ఏడో స్తంభం దగ్గర, ఎర్రపూసల దండ కింద, మజ్జిగ ముంత పట్టుకుని నిలబడ్డ వంగిన నడుము ముసలమ్మను మారన ఒక్కసారి చూసి చూపు తిప్పుకున్నాడు. చూస్తూ ఉంటే ఏడుపొస్తుందని భయం. ఆమె వాళ్ళక్క చందక్క. ఇరవై ఆరేళ్ళ మనిషి. మూడేళ్ళ కిందట మారన విషజ్వరంతో మూలుగుతుంటే, ఈ దీవిలో తప్ప దొరకని నాగదంతి వేరు కోసం ఒంటరిగా పడవేసుకుని వచ్చింది. "వేరు ఊరికే పట్టుకుపో, నాతో ఒక్క ఆట ఆడు," అన్నాడు మాంత్రికుడు. ఆడింది. వేరును దారిన పోయే జాలరి చేత తమ్ముడికి పంపింది. నలభై ఏళ్ళు పోగొట్టుకుని తాను ఇక్కడే ఉండిపోయింది.

"రావయ్యా శెట్టీ, రా! కుక్కల్ని దాటొచ్చావంటే గుండెగలవాడివే," అన్నాడు జరాసిద్ధుడు అద్దం దించకుండానే. "మా మండపం మర్యాద తెలుసుగా? వచ్చినవాడు ఏ దండ కోరితే ఆ దండే నేను పందెం కాయాలి. కోరుకో."

"ఆ ఎర్రపూసలు నదురుగా ఉన్నాయి స్వామీ," అన్నాడు మారన, వర్తకుడి నవ్వు ఒకటి తెచ్చిపెట్టుకుని.

జూదపు పలక పక్కన కూర్చున్న కంచుబొమ్మ కళ్ళు తెరిచింది. ముక్కలు పంచేది అదే. ఎవరి పక్షమూ వహించదు, అబద్ధం ఆడదు. అది మారన అరచేతిని తాకగానే చేతిలోంచి నలభై తెల్లపూసలు జలజలా రాలాయి. అవి అతను ముందు ముందు బతకాల్సిన ఏళ్ళు. మాంత్రికుడి ముందు నలభై ఎర్రపూసలు పోసి, బొమ్మ ఆట నియమాలు చెప్పింది.

"ఇద్దరి ఆట ఇది. ముందు తలా ఒక పూస నడుమ పెట్టాలి. రెండు ముక్కలు ఇస్తాను, పందెం కాయండి. మూడో ముక్క ఇస్తాను, మళ్ళీ కాయండి. ఎదుటివాడి పందేనికి సమంగా పెట్టి సరితూచవచ్చు, పెంచవచ్చు, తప్పుకోవచ్చు. ఎవరూ కాయకపోతే మౌనం. ముక్కల్లో చీమ అన్నిటికంటే చిన్నది. ఆపైన కోడి, మేక, గుర్రం, ఏనుగు. అన్నిటికీ పైన సింహం. విడి ముక్కల కంటే జంట గొప్ప, జంట కంటే మూడూ ఒకటే కావడం గొప్ప. పొద్దు సముద్రాన్ని తాకగానే ఆట సరి. గెలిచిన పూసను చేతిలోకి తీసుకునేదాకా అది గెలిచినవాడిది కాదు. ఇక దండలో ఒక్క పూస తక్కువైనా ఆ మనిషిని దీవి దాటనివ్వదు సముద్రం. ఆట నడుస్తుండగా పరిచారకులు నోరు విప్పితే శిలలైపోతారు."

అంటే సంగతి తేలిపోయింది. పదో పాతికో గెలిచి లాభం లేదు. పొద్దుగూకేలోగా నలభైకి నలభై గెలవాలి.

ఆట మొదలైంది. మొదటి పంపకంలోనే మారనకు రెండు సింహాలు! అతని గుండె ఎగిరి గంతేసింది. ఐదు పూసలు ముందుకు తోశాడు. జరాసిద్ధుడు అతని వంక ఒక్క చూపు చూసి, "నాకొద్దులే," అని ముక్కలు పడేశాడు. గెలిచింది ఒక్క పూస. పోనీ అనుకున్నాడు. మరో రెండు ఆటల తర్వాత గుర్రాల జంట వచ్చింది. ఈసారి మూడే కాశాడు. వాడు మళ్ళీ తప్పుకున్నాడు. ఇంకోసారి చేతిలో మేకా కోడీ ఉంటే, బెదిరిద్దామని ఏకంగా ఆరు కాశాడు. వాడు నవ్వుతూ పన్నెండుకు పెంచాడు. తప్పుకోక తప్పలేదు. పూసలు అటు వెళ్ళగానే మారన కణతల దగ్గర వెంట్రుకలు చిటచిటా తెల్లబడ్డాయి. మోకాళ్ళలో సన్నగా నొప్పి పుట్టింది.

మధ్యాహ్నానికి అతని ముందు ఇరవై ఆరు పూసలే మిగిలాయి. మంచి ముక్కలు పడితే ఒక్క పూస వస్తుంది, చెడ్డవి పడితే ఐదారు పోతాయి. ముక్కలు పంచేది బొమ్మ, దానికి మోసం తెలియదు. మరి వీడికి నా చేతిలోది ఎలా తెలుస్తోంది? నుదుటి చెమట తుడుచుకుంటూ ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

భోజన విరామానికి బొమ్మ కళ్ళు మూసింది. జరాసిద్ధుడు అటు తిరిగి అద్దం అందుకున్నాడు. వాడికి తన ముఖం చూసుకోవడానికి మించిన భోజనం లేదు మరి! చందక్క వణుకుతున్న చేతులతో మజ్జిగ ముంత తెచ్చి ఈ కొత్త వర్తకుడికి ఇచ్చింది. మారన దాన్ని అందుకుని కళ్ళకద్దుకుని తాగాడు.

చందక్క అలాగే నిలబడిపోయింది. నీలవంక పడవవాళ్ళకు అదొక ఆచారం. వలలో పడ్డ మొదటి చేపనైనా, ఎవరైనా చేతిలో పెట్టిన గుప్పెడు బియ్యాన్నైనా కళ్ళకద్దుకున్నాకే తీసుకుంటారు. తల్లి లేని తమ్ముడికి ఆ అలవాటు నేర్పింది ఆమే. అందులోనూ కుడి కన్ను ముందు, ఎడమ కన్ను తర్వాత. పెట్టుడు మీసం వెనక ఎవరున్నారో ఆమెకు తెలిసిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. నోరు విప్పితే రాయి అవుతుంది. ఖాళీ ముంతను అందుకుని, తాను కూడా మెల్లగా కళ్ళకద్దుకుంది. పలక మీది ముక్కల వైపు చూసింది. మళ్ళీ ముంతను కళ్ళకద్దుకుంది. మళ్ళీ ముక్కల వైపు చూసింది.

మారన నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఓరి నా తెలివి తెల్లవారా! మంచి ముక్క చేతికి వచ్చిన ప్రతిసారీ తాను దాన్ని కళ్ళకద్దుకుంటున్నాడు! చీమ వస్తే ఊరికే పట్టుకుంటున్నాడు, సింహం వస్తే కళ్ళకద్దుకుంటున్నాడు. చేతిలో ఏముందో పొద్దుటి నుంచీ దండోరా వేసుకుంటూ కూర్చుని, వీడికి ఎలా తెలుస్తోందా అని తల బద్దలు కొట్టుకుంటున్నాడు.

సిగ్గుతో చెవులు వేడెక్కినా, మారన అక్కడే కూర్చుని నింపాదిగా ఆలోచించాడు. అలవాటు మానేస్తే? తెలిసిపోయిందని వాడికి తెలిసిపోతుంది, ఇంకో గుర్తు వెతుక్కుంటాడు. అది కాదు. ఇక మీదట ఏ ముక్క వచ్చినా కళ్ళకద్దుకోవాలి. ఎంత మంచిదైనా, ఎంత చెత్తదైనా ముందు ఐదే కాయాలి, మూడో ముక్క మీద పదే కాయాలి. చెయ్యి ఒకటే, లెక్క ఒకటే, ఊపిరి ఒకటే. పదిమంది కూర్చున్న ఆటలో అయితే సింహాలు వచ్చేదాకా కాచుకోవచ్చు. ఇద్దరి ఆటలో అలా కాచుకుంటే తలా ఒక పూస చొప్పున పొద్దుగూకేలోగా అరిగిపోతాడు. ఎదుట ఉన్నది ఒక్కడే. వాడికి మాత్రం ప్రతిసారీ సింహాలే వస్తాయా ఏమిటి? వాడి చేతిలోనూ ఎక్కువసార్లు కోడీ మేకే. నిన్న మొన్నటిదాకా గాలం వేసి బతికినవాడికి ఇంకో సంగతి కూడా తట్టింది. మంచి ముక్క దానంతట అది ఏమీ సంపాదించి పెట్టదు. ఎదుటివాడు నమ్మి ఎన్ని పూసలు తెస్తే దాని విలువ అంతే. పొద్దుటి రెండు సింహాల విలువ ఒక్క పూస.

మళ్ళీ ఆట మొదలైంది. చీమా మేకా వచ్చాయి. మారన రెంటినీ భక్తిగా కళ్ళకద్దుకుని ఐదు కాశాడు. జరాసిద్ధుడు టక్కున ముక్కలు పడేశాడు. తర్వాత కోడీ చీమా. కళ్ళకద్దుకుని ఐదు. వాడు తప్పుకున్నాడు! వాడు సరితూచిన చోట మూడో ముక్క మీద పది కాస్తే, తిట్టుకుంటూ తప్పుకున్నాడు. ఒక్కోటీ, మధ్యలో ఒకసారి ఐదూ, మరోసారి ఐదూ వస్తూ వస్తూ మారన నెరిసిన కణతలు నల్లబడ్డాయి, ఆపైన మరికొన్ని ఎర్రపూసలు కూడా అతని ముందుకు చేరాయి. మోకాలి నొప్పి మాయమైంది.

"ఏమయ్యా శెట్టీ, నీకు దేవతలు గానీ ముక్కలు పంచుతున్నారా?" అన్నాడు జరాసిద్ధుడు. మీసం దువ్వడం ఆపేశాడు.

"తమ దయ స్వామీ."

ఆ తర్వాతి ఆటలో వాడికి అనుమానం ముదిరింది. మారన ఐదు కాశాడు, వాడు సరితూచాడు. మూడో ముక్కను కళ్ళకద్దుకుని పది కాశాడు. వాడు పళ్ళు కొరుకుతూ మళ్ళీ సరితూచాడు. ముక్కలు తిప్పి చూస్తే వాడి దగ్గర మేకల జంట, మారన చేతిలో రెండు చీమలూ ఒక కోడీ!

జరాసిద్ధుడు తొడ చరిచి పకపకా నవ్వాడు. "ఓరి దొంగ శెట్టీ! చీమల్నా కళ్ళకద్దుకున్నది? పూజలు పెట్టి మరీ నన్ను ఇంతసేపు బెదరగొట్టావా! ఇక కళ్ళకే అద్దుకుంటావో, నెత్తినే పెట్టుకుంటావో నీ ఇష్టం, నేను మాత్రం కదలను!"

మారన తల దించుకున్నాడు, దొరికిపోయిన దొంగలాగే. పదిహేను పోయాయి. అయితేనేం? వాడి నోటి నుంచి వచ్చిన ఆ చివరి మాట ఆ పదిహేనుకూ సరిపోయింది. ఇప్పుడు సరిగ్గా పొద్దున మొదలుపెట్టినట్టే ఇద్దరి ముందూ నలభై నలభై. పశ్చిమాన పొద్దు సముద్రానికి జానెడు ఎత్తున ఉంది. ఇక ఒక్క ఆటకే సమయం.

బొమ్మ ముక్కలు పంచింది. మారన ముక్కలెత్తి చూశాడు. ఏనుగు, ఏనుగు. రెంటినీ కళ్ళకద్దుకుని, పెట్టిన పూసతో కలిపి ఐదు కాశాడు.

"పది!" అన్నాడు జరాసిద్ధుడు.

వాడు తనంతట తాను పెంచాడంటే చేతిలో జంట ఉండి తీరాలి. ఇప్పుడు తానూ పెంచితే? వాడు నిదానించి ఆలోచనలో పడతాడు. వద్దు. పెద్ద చేప గాలం పట్టుకున్నప్పుడు తాడు లాగితే తెగుతుంది. మారన కాస్త తటపటాయించి పదికి సరితూచాడు.

మూడో ముక్క వచ్చింది. దాన్ని ఎత్తి చూసిన మారనకు క్షణంసేపు మండపం కనిపించలేదు. మూడో ఏనుగు! కళ్ళు చెమ్మగిల్లాయి. ముక్కను ఆ తడి కళ్ళకే అద్దుకున్నాడు. ఈసారి అది నటన కాదు, నిజం. మూడేళ్ళ కన్నీళ్ళు అందులో ఉన్నాయి.

"అబ్బబ్బబ్బ! ఏం నటన, ఏం నటన!" అని చప్పట్లు కొట్టాడు జరాసిద్ధుడు.

మొదటి వంతు మారనది. మౌనంగా ఉండిపోవచ్చు. తాను మౌనంగా ఉంటే జరాసిద్ధుడు ఊరుకోలేడు, పొద్దుటి నుంచీ చూస్తున్నదే. అయితే వాడూ మౌనంగా ఊరుకుంటే? ఆట పది పూసలతో ముగుస్తుంది, పొద్దు వాలిపోతుంది, అక్క ఇక్కడే ఉండిపోతుంది. మౌనం పాటిస్తే వాడి దయ మీద బతకాలి. ఉన్నదంతా ఒక్కసారి తోస్తే వాడు బెదిరి తప్పుకోవచ్చు. మరి ఏం కాయాలి? చీమలతో దొరికిపోయినప్పుడు ఎంత కాశాడో అంతే. అదే లెక్క చూస్తే వాడికి ఆ చీమలే గుర్తుకొస్తాయి.

"పది," అన్నాడు మారన.

జరాసిద్ధుడి కళ్ళు మెరిశాయి. రెండు చేతులతో తన ముందున్న ముప్పై ఎర్రపూసలనూ గలగలా నడుమకు తోసేశాడు. "ఇంకో ఇరవై పెంచాను! ఇప్పుడు అద్దుకోరా కళ్ళకి! ప్రాణం మీద తీపి ఉంటే ముక్కలు పారేసి బతుకు, లేదంటే ఈ స్తంభాల పక్కన ఇంకో ముసలాడివై నిలబడు!"

మారన ఒక్కొక్క పూసా లెక్కపెడుతున్నట్టు నటిస్తూ మిగిలినవన్నీ ముందుకు జరిపాడు. "సరితూచాను స్వామీ."

మాంత్రికుడు రెండు సింహాలూ గుర్రమూ పలక మీద కొట్టి లేచి నిలబడ్డాడు. మారన ఒక్కొక్కటే తిప్పాడు. ఏనుగు. ఏనుగు. ఏనుగు.

"గెలుపు వచ్చినవాడిది," అంది కంచుబొమ్మ.

మిగతా నూటఏడు స్తంభాల కిందా నూటఏడుగురు ముసలివాళ్ళు ఒక్కసారి ఊపిరి పీల్చారు. మారన ఒళ్ళంతా తేలికైపోయింది. ఆ మూడు ముక్కలనూ రెండు చేతులా పోగుచేసి, కళ్ళు గట్టిగా మూసుకుని, కుడి కంటికీ ఎడమ కంటికీ అద్దుకున్నాడు. ఎంత చక్కటి అలవాటు! ఎంత చెడ్డ సమయం!

అతను కళ్ళు తెరిచేసరికి జరాసిద్ధుడు పలక మీది నుంచి ఒక ఎర్రపూసను లటుక్కున నోట్లో వేసుకుని మింగేశాడు.

"బొమ్మా! మోసం!" అని అరిచాడు మారన.

"చేతిలోకి తీసుకునేదాకా పూస గెలిచినవాడిది కాదు," అంది బొమ్మ ఉన్నది ఉన్నట్టుగా.

ముప్పై తొమ్మిది ఏళ్ళ ముసలితనం ఒక్కసారి మీదపడ్డ మాంత్రికుడు గద్దగా మారి రెక్కలు విదిల్చాడు. మారన విసిరిన చేపల కత్తికి రెండు ఈకలు మాత్రం రాలాయి. గద్ద గవాక్షంలోంచి దూసుకుపోయి, పడమట పొగలు కక్కుతున్న ధూమ్రగిరి వైపు సాగిపోయింది. అదే క్షణాన పొద్దు సముద్రాన్ని తాకింది. ఆట ముగిసింది, పరిచారకుల నోళ్ళకు కట్టు వీడింది.

మారన ముప్పై తొమ్మిది పూసలూ దారానికి గుచ్చి అక్క మెడలో వేశాడు. వంగిన నడుము నిలువైంది. జుట్టు నల్లబడింది. చందక్క తన చేతులను తానే తిప్పి తిప్పి చూసుకుని, ఒక్క ఉదుటున తమ్ముడి పెట్టుడు మీసం పీకి పారేసింది.

"నీ మొహానికి మీసమొకటా! ఎందుకొచ్చావురా ఇక్కడికి? నీకేమన్నా అయితే నేను పోగొట్టుకున్నదంతా దేనికిరా?" అని తిట్టి, పట్టుకుని బావురుమంది.

ఇద్దరూ రేవుకు పరుగెత్తారు. మారన పడవలోకి దూకాడు. చందక్క నీళ్ళలో కాలు పెట్టగానే అల ఒకటి తాటిచెట్టు ఎత్తున గోడలా లేచి ఆమెను ఒడ్డుకు నెట్టేసింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ నెట్టేసింది. ఒక్క పూస తక్కువ.

మారన పడవ దిగి వచ్చి ఇసుకలో కూలబడ్డాడు. "అంతా నావల్లే అక్కా! పొద్దుటి నుంచీ ఆ అలవాటు నన్ను ముంచుతూనే ఉంది. తెలిసీ ఆఖరికి మళ్ళీ అదే పని చేశాను. ఈ జన్మలో ఇక దేన్నీ కళ్ళకద్దుకోను. ఒట్టు!"

"నోర్ముయ్," అంది చందక్క. "ఆ అలవాటు లేకపోతే నిన్ను నేను గుర్తుపట్టేదాన్నా? మంచిదేది చేతికొచ్చినా కళ్ళకద్దుకోమని నీకు నేర్పింది నేను. అప్పుడెంత నిజమో ఇప్పుడూ అంతే నిజం."

ఆమె అతని రెండు చేతులూ పట్టుకుని, కుడి కంటికి ముందూ ఎడమ కంటికి తర్వాతా అద్దుకుంది. అరచేతులు తడిశాయి.

"వాడు ధూమ్రగిరి వైపేగా పోయింది? గాలి అటే ఉంది. వెళ్ళు. ఈసారి మాత్రం గెలిచింది ముందు గుప్పిట్లో పెట్టుకుని, ఆ తర్వాత కళ్ళకద్దుకో."

ఆమే పడవను నడుం లోతు దాకా నెట్టింది. అల లేచి ఆమెను ఒడ్డుకు తోసింది, పడవను మాత్రం పోనిచ్చింది. మారన తెరచాప ఎత్తి పడమటికి తిప్పాడు.